వార్షిక నివేదిక 2024–25: మన ఊరి రచయితలు, వారి మంకుపట్టులు

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, తోటి సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

జయంతులకూ వర్ధంతులకూ విగ్రహాలకు దండలు వేసి, ఫొటోలు తీయించుకొని, ఉపన్యాసాలు విని ఇళ్లకు వెళ్లిపోయే పద్ధతిని ఈ ఏడాదికి పక్కన పెట్టాలని గత సమావేశంలో మీరు తీర్మానించారు. ఆ మేరకు విజయనగరాన్నీ, చుట్టుపక్కల పల్లెలనూ, పొరుగున ఉన్న శ్రీకాకుళాన్నీ అంటిపెట్టుకొని రాసిన రచయితల స్వభావాలను, అలవాట్లను, పట్టిన పట్టు విడవని వారి మొండితనాన్ని తెలుసుకోవడానికే సంఘం కార్యక్రమాలన్నిటినీ మళ్లించాం. ఈ తీర్మానాన్ని అప్పట్లో గట్టిగా వ్యతిరేకించిన సభ్యులు ఉన్నారు. మహానుభావుల వింతలను నలుగురిలో చెప్పుకోవడమంటే వాళ్లను చిన్నబుచ్చడమేనని వారి అభ్యంతరం. ఏడాది పని ముగిశాక కార్యవర్గానికి తోచింది ఇది: దండ వేసినప్పుడు రచయితలందరూ ఒక్కలాగే కనబడతారు, మంకుపట్టు దగ్గరకు వచ్చేసరికి ఎవరికి వారే. వీరిలో ఊరిని పొగిడినవారు బహు తక్కువ. పొగడకుండానే ఊరిని పట్టుకు వేలాడినవారే అందరూ.

కార్యక్రమాలు ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతితో మొదలయ్యాయి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో గురజాడ వారితో కలిసి చదువుకొని, పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేసిన ఈ మనిషి మొండితనం గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. కొండల్లో ఉండే గిరిజనులైన సవరల భాష నేర్చుకోవడానికి సవర మనిషిని ఇంట్లోనే ఉంచుకోవడం, కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకోవడం, దానికి మింగిన క్వినైను వల్ల చెవుడు రావడం, అయినా చెవికి ఆనని ఆ భాషకే 1931లో వ్యాకరణమూ 1938లో నిఘంటువూ వెలువరించడం, ఇవన్నీ వక్తలు వివరించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, అన్నేళ్లు కాపురమున్న ఊరిలో ఇక ఉండనని రాజమండ్రి తరలిపోయిన సంగతి మీద మాత్రం సభలో కాస్త వాదన నడిచింది. ఊరిని ప్రేమించినవాడు ఊరు ఎటు కలిసినా అక్కడే ఉండాలి గదా అని ఒకరు అడిగారు. ఆయన ప్రేమించింది ఊరినా, ఊళ్లోని మాటనా అని మరొకరు ఎదురు అడిగారు. ఆ వాదన తేలలేదు. తేల్చాల్సిన అవసరమూ కార్యవర్గానికి కనబడలేదు.

రెండు రోజుల తర్వాత, ఆగస్టు 31న, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారి జయంతి. దీని గురించి కాస్త వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే ఈ ఏడాది సభ్యులకు అన్నిటికంటే నచ్చిన సాయంత్రం అదే. అజ్జాడలో 1864లో పుట్టిన దాసుగారు, 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షులయ్యారు. సంస్కృతంలో దిట్ట అయి ఉండి కూడా అచ్చతెలుగు మీద ఆయనకు తీరని వ్యామోహం. ఇంగ్లీషు మాటల నుంచి దాటిరావడం సరే, సంస్కృతపు మాటలను కూడా దాటి తెలుగు మాట వెతకాలన్నది ఆయన పంతం. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుంచి ఒక పక్క సంస్కృతంలోకీ ఇంకో పక్క అచ్చతెలుగులోకీ తేవడం ఆ పంతానికి సాక్ష్యం. ‘నా యెఱుక’ పేరిట స్వీయచరిత్ర మొదలుపెట్టి, ముప్ఫయ్యేళ్ల వయసు వరకు మాత్రమే చెప్పి ఊరుకున్నారు. తర్వాతి యాభై ఏళ్లు ఆయనకు చెప్పదగ్గవిగా తోచలేదా, చెప్పే తీరిక లేకపోయిందా అన్నది పాఠకుల ఊహకే వదలాలి.

ఆ సాయంత్రం ఉపన్యాసాలు పెట్టలేదు. సంగీత కళాశాలలో చదువుకొని ప్రస్తుతం పిల్లలకు మృదంగం నేర్పుతున్న మన సభ్యులొకరు, దాసుగారి పంచముఖి విద్య ఎంత కష్టమో చూపించడానికి ముందుకొచ్చారు. దాసుగారు చేతులకూ కాళ్లకూ వేరువేరు తాళాలు అప్పగించి పైన పాట పాడేవారు. లయబ్రహ్మ అన్న పేరు ఊరికే రాలేదు. మన మాస్టారు అంత దూరం పోకుండా, నలుగురు పిల్లలను వేదిక మీద కూర్చోబెట్టి, కుడి తొడ మీద తిశ్రం, ఎడమ తొడ మీద చతురశ్రం వేయమన్నారు. కుడిచెయ్యి మూడేసి, ఎడమచెయ్యి నాలుగేసి లెక్కన సాగి, పన్నెండు మాత్రలు తిరిగేసరికి రెండూ ఒకే దెబ్బలో కలవాలి. మొదటి కుర్రాడి రెండు చేతులూ నాలుగో మాత్ర దాటకుండానే ఒకదాన్ని చూసి ఒకటి నేర్చేసుకొని ఒకే తాళంలో పడిపోయాయి. రెండో అబ్బాయి కళ్లు మూసుకొని రెండు ఆవృత్తాలు నెగ్గుకొచ్చాడు గానీ, ఇక పాడమనగానే నోరు తెరవడంతోనే ఎడమచెయ్యి గాల్లో ఆగిపోయింది. మూడో అమ్మాయి ఒక్కతే పల్లవి మొదటి పాదం దాటింది. అప్పుడు మాస్టారు, ఇంకా రెండు కాళ్లు ఖాళీగా ఉన్నాయి అమ్మా, అన్నారు. హాలంతా నవ్వింది. దాసుగారి గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడినా ఆ ఒక్క మాటకు సాటి రాదని సభ్యుల అభిప్రాయం. పెద్దలు కొందరు ఇంటికి వెళ్లాక కూడా తొడలు చరుస్తూ కూర్చున్నారని వారి ఇళ్లవాళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి.

సెప్టెంబరు 21న గురజాడ అప్పారావుగారి జయంతికి ఉదయపు నడక ఏర్పాటు చేశాం. కోట దగ్గరి బొంకులదిబ్బలో మొదలుపెట్టి, మూడు లాంతర్ల మీదుగా గురజాడ వారి ఇంటికి చేరడం కార్యక్రమం. బొంకులదిబ్బను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1892లో ఈ ఊళ్లోనే మొదట ఆడిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. దాన్ని మళ్లీ పెంచి, విప్పి, తిరగరాసి 1909లో ఆయన వేసిన కూర్పే మనం చదువుతున్నది. అందులో తెర లేవగానే కనబడేది విజయనగరం బొంకులదిబ్బే. సంస్థానంలో కొలువున్న మనిషి, రాజావారి ఊళ్లో, ఆనంద గజపతి మహారాజుకే అంకితమిచ్చిన నాటకంలో, ఊరి నడిబొడ్డున గిరీశం లాంటి మోసగాణ్ని నిలబెట్టి ప్రపంచానికి పరిచయం చేయడంలో ఉన్న ధైర్యాన్ని మనం రోజూ ఆ దారినే నడుస్తూ గుర్తించం. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లు సాధారణంగా కోటతోనో, గుడితోనో, చెరువుగట్టుతోనో మొదలుపెడతారు. గురజాడవారు బాకీలు ఎగ్గొట్టి ఊరు విడిచిపోయే మనిషితో మొదలుపెట్టారు.

నడకలో పాల్గొన్న విద్యార్థులను ఎక్కువగా ఆశ్చర్యపరచిన విషయం వేరే ఉంది. వాడుక తెలుగు కోసం అంత పట్టుబట్టిన మనిషి తన డైరీలను, ఉత్తరాలను చాలావరకు ఇంగ్లీషులో రాసుకోవడం వారికి మింగుడుపడలేదు. వాడుక తెలుగును సమర్థిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఇంగ్లీషే కదా అని ఒక విద్యార్థిని నిలదీసింది. ఆ పత్రం చదవాల్సినవాళ్లు ఎవరో తెలిసే ఆ భాషలో రాశారని, డైరీ సంగతి మాత్రం నాకూ అర్థం కాదని, నడకకు నాయకత్వం వహించిన విశ్రాంత తెలుగు అధ్యాపకులు ఒప్పుకున్నారు. ఇలాంటి ఒప్పుకోళ్లు మన సభల్లో అరుదు గనుక ప్రత్యేకంగా పేర్కొంటున్నాం.

అక్టోబరులో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కారణంగా కార్యక్రమమేదీ పెట్టలేదు. పెట్టినా వచ్చేవారెవరూ ఉండరు.

నవంబరు 9 కాళీపట్నం రామారావుగారి శతజయంతి. 1924లో మురపాకలో పుట్టిన కారా మాస్టారు విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా ఏళ్లకేళ్లు పనిచేసి, చివరకు శ్రీకాకుళం చేరి, 1997 ఫిబ్రవరి 22న అక్కడ తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయం తెరిచారు. ‘యజ్ఞం’ లాంటి కథ రాసినవారు తర్వాత తన కథలు రాయడం దాదాపు మానుకొని, మిగిలిన జీవితమంతా ఇతరుల కథలు పోగుచేయడానికి వెచ్చించడం కంటే వింత స్వభావం మన ఉత్తరాంధ్ర రచయితల్లో మరొకరిది లేదని కార్యవర్గం నమ్ముతోంది. 1995లో సాహిత్య అకాడమీ ఇచ్చిన బహుమతి సొమ్మును కూడా దానికే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టు. మంచి కథ అని కాదు, ప్రతి కథా. విమర్శలో అంత నిక్కచ్చిగా ఉండే మనిషి పోగుచేయడంలో ఏ ఎంపికా లేకుండా ఉండడం పైకి పొసగనట్టు కనిపిస్తుంది. కానీ ఏది మిగలాలో ఈ తరం నిర్ణయించకూడదని ఆయన ఆలోచన అయి ఉండవచ్చు.

శతజయంతికి శ్రీకాకుళం బయల్దేరేముందు సభ్యుల ఇళ్లలో ఉన్న పాత పత్రికలను సేకరించి తీసుకువెళ్లాలని నిర్ణయించాం. ఈ సేకరణలోనే మన సొంత సభ్యుల స్వభావాలు బయటపడ్డాయి. ఒకరు పురికొసతో కట్టిన వారపత్రికల కట్టను తెచ్చి, బస్సెక్కే వరకు ఒళ్లోనే పెట్టుకొని, చివరి నిమిషంలో అందులోంచి రెండు సంచికలు తీసి చొక్కాలో దాచుకున్నారు. తన మొదటి కథ అచ్చయిన సంచికలు అవేనట. ఇంకొకరి కట్టలో అట్టలు లేవు, చివరి పేజీలు లేవు, చెదలు తిన్న చోట కథ సగంలో తెగిపోయింది. అయినా కథానిలయంవారు ఆ తెగిన కథలను కూడా తీసుకొని, ఏ పత్రిక, ఏ నెల అని ఆరా తీసి రాసుకొన్నారు. గోడల మీద ఉన్న కథకుల ఫొటోల ముందు మన సభ్యులు చాలాసేపు నిలబడ్డారు. తమ ఫొటో ఎక్కడ పడుతుందో లెక్కవేసుకుంటున్నవారు కూడా వారిలో ఉన్నారని చెప్పడం నివేదిక మర్యాదకు భంగం కాదనుకుంటాం.

జనవరిలో చాసో సాయంత్రం జరిపాం. 1915లో శ్రీకాకుళంలో పుట్టి, దత్తత మీద విజయనగరం వచ్చిన చాగంటి సోమయాజులుగారు ఆ తర్వాత ఈ ఊరి మనిషిగానే బతికారు. భూములున్న కుటుంబంలో ఉంటూ అభ్యుదయ రచయితల సంఘంలో పనిచేయడం, రాసిన కొన్ని కథలతోనే తెలుగు కథకు ఒక కొలత ఏర్పరచడం తెలిసినవే. కథను ముందు నోటితో మిత్రులకు చెప్పి, చెప్పగా చెప్పగా పదం పదం కుదిరాకే కాగితం మీద పెట్టేవారని ఆయన్ని ఎరిగినవారు చెబుతారు. రోణంకి అప్పలస్వామిగారు, శ్రీరంగం నారాయణబాబుగారు, చాసో కలిసి కూర్చున్న రోజుల గురించి పెద్దలు చాలా చెప్పారు. విజయనగరంలో కూర్చుని యూరపు భాషలు ఒక్కొక్కటే నేర్చుకున్న రోణంకి మాస్టారు, ఛందస్సును పగలగొట్టిన నారాయణబాబు, అక్షరం అనవసరంగా వాడని చాసో ఒకే బల్ల దగ్గర ఎలా సర్దుకున్నారన్నది ఇప్పటికీ ఆశ్చర్యమే. కాలేజీ చదువుకు విజయనగరం వచ్చిన ఆరుద్ర ఈ సావాసంలోనే పదునెక్కారు.

ఆ సాయంత్రానికి ఒకే నియమం పెట్టాం. కథ చెప్పేవారి చేతిలో కాగితం ఉండకూడదు, సెల్‌ఫోన్ ఉండకూడదు. పేరిచ్చినవారిలో సగంమంది ఈ నియమం వినగానే తప్పుకున్నారు. మిగిలినవారిలో కొందరు మధ్యలో దారి తప్పి, ‘రాసినప్పుడు ఇక్కడ బాగుంది’ అని కూర్చున్నారు. అయ్యకోనేరు గట్టు దగ్గర పూలు అమ్ముకొనే కుటుంబం నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి మాత్రం, పండక్కి పుట్టింటికి వచ్చిన అక్క తిరిగి వెళ్లేటప్పుడు తల్లి మూరలో నాలుగు వేళ్లు ఎక్కువ కొలిచి ఇచ్చిన కథను, ఎక్కడా తడబడకుండా, ఒక్క మాట కూడా ఎక్కువ కాకుండా చెప్పింది. ఆమె కథ అయిపోయాక ‘వాయులీనం’ గుర్తొచ్చిందని ఒక పెద్దాయన అన్నారు. ఇల్లాలి వైద్యం కోసం ఆమె వాయులీనమే అమ్మేసిన ఆ కథ, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు నేర్పిన ఊళ్లో పుట్టడం కాకతాళీయం కాదని కూడా అన్నారు. ఈ రెండో మాటతో కార్యవర్గం ఏకీభవిస్తుంది. మొదటి మాట ఆ అమ్మాయికి కాస్త బరువవుతుందేమో గానీ, ఆమె ఆ బరువు మోయగలదు.

మార్చిలో కె.ఎన్.వై. పతంజలిగారిని తలుచుకోవడం ఈ ఏడాది చివరి కార్యక్రమం. 1952లో అలమండలో పుట్టి, పత్రికల్లో సంపాదకుడి స్థాయికి ఎదిగి, 2009లో కన్నుమూసిన పతంజలి ఎక్కడ ఉద్యోగం చేసినా కలాన్ని అలమండలోనే వదిలివెళ్లినట్టు రాశారు. ఆయన రాజుగోరు, గోపాత్రుడు, ఆఖరికి దివాణంలోని కుక్క వీరబొబ్బిలి కూడా అక్కడివారే. భూమి గుండ్రమా బల్లపరుపా అన్న తగువును ఆ ఊళ్లో పుట్టించి కోర్టు దాకా లాగిన రచయితను స్మరించడానికి, అదే విషయం మీద సభలో వాదం పెట్టాం. సరదాగా పెట్టిన వాదం అరగంటలో నిజం తగువై కూర్చుంది. గుండ్రం పక్షాన నిలిచిన ఫిజిక్సు లెక్చరరుగారు గ్రహణం నీడ గురించి బొమ్మ గీసి చూపించారు. బల్లపరుపు పక్షాన లేచిన జామి వైపు పెద్దాయన, ‘అలాగయితే మా చెరువులో నీళ్లు ఒక పక్కకి ఒరిగిపోవాలి గదండీ, ఎప్పుడైనా ఒరిగాయేటి?’ అని అడిగారు. చేతులెత్తించగా బల్లపరుపు గెలిచింది. లెక్చరరుగారు టీ తాగకుండా వెళ్లిపోయారు. వారు ఈ సమావేశానికి వచ్చి ఉంటే, మన సంఘం అధికారిక అభిప్రాయం భూమి గుండ్రమేనని ఇక్కడ నమోదు చేస్తున్నాం.

ఆ సభలో వేరే ఇబ్బంది కూడా వచ్చింది. పతంజలి నవలల్లోని ఫలానా పాత్ర మా తాతేనని ముగ్గురు వేర్వేరు కుటుంబాలవారు లేచి చెప్పారు. ఆ పాత్ర వెకిలివాడు, అప్పులవాడు, గప్పాలకోరు. అయినా ఒక్కరూ తగ్గలేదు. వెక్కిరించిన రచయిత మీద వెక్కిరింపుకు గురైన ఊరికి ఇంత మమకారం ఎలా వచ్చిందని ఆలోచిస్తే, గురజాడ వారి బొంకులదిబ్బ దగ్గరికే మళ్లీ రావలసి వస్తుంది. ఊళ్లోవాళ్లను పేరుపేరునా ఎరిగి, వాళ్ల మాటను వాళ్ల యాసలోనే పట్టుకున్నవాడు తిట్టినా ఆ తిట్టు సొంత మనిషిదే. బయటినుంచి వచ్చి పొగిడినవాడి మాట మూడో రోజుకు ఎవరికీ గుర్తుండదు.

జీవించి ఉన్న రచయితల గురించి కూడా సమాచారం సేకరించాలని ఉపసంఘాన్ని నియమించాం. వారి అనుమతి లేనందున పేర్లు రాయడం లేదు. సాయంత్రం పాసింజరుకు తిరిగి రాగలిగిన ఊళ్లో అయితేనే సన్మానం ఒప్పుకొనే కవి ఒకరు, తను చిన్నప్పుడు ఉన్న వీధిపేర్లు తప్ప కొత్త కాలనీల పేర్లు కథల్లో రానివ్వని రచయిత్రి ఒకరు ఉపసంఘం దృష్టికి వచ్చారు. విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఒకరు గంటస్తంభం చుట్టూ ఉన్న దుకాణాల చరిత్రను ఒక పొడుగాటి చిట్టా పుస్తకంలో రాస్తున్నారు. ఒక్కో దుకాణానికి ఒక్కో పేజీ. ఒకచోట ఎర్ర సిరాతో కిళ్లీకొట్టు, దాని కింద నీలం సిరాతో క్యాసెట్ల దుకాణం, దాని కింద సెల్‌ఫోన్ రీఛార్జి, ఆ కింద బిర్యానీ పాయింటు అని ఉంది. ఆ కింద కొంత ఖాళీ వదిలి ఉంచారు. అది నవలగా మారుతుందా అని అడిగితే, దుకాణాలు ఆగితే కదా రాయడం అన్నారు. ఈ పుస్తకానికి జిరాక్సు తీయించి భద్రపరచాలని ఉపసంఘం సిఫారసు. వారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

పరిపాలనా విషయాలు క్లుప్తంగా. జనవరి సభకు ముందే మాట్లాడుకున్న హాలును యజమానులు పెళ్లికి ఇచ్చేయడంతో ఆఖరి నిమిషంలో ఒక సభ్యుడి ఇంటి డాబా మీదకు మార్చవలసి వచ్చింది. చలికి వృద్ధ సభ్యులు ఇబ్బందిపడ్డారు. ఇకపై బయానా రసీదు లేకుండా హాలు మాట్లాడకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఖర్చులో ఎక్కువ భాగం శ్రీకాకుళం బస్సుకు, టీలకు, మైకు అద్దెకు పోయింది. దండల పద్దు ఈ ఏడాది లేదు.

వచ్చే సంవత్సరం ఆరుద్ర శతజయంతి. ఆయన 1925 ఆగస్టు 31న విశాఖపట్నంలో పుట్టారు. నారాయణదాసుగారి జయంతి కూడా అదే రోజు కావడంతో రెండింటినీ ఎలా జరపాలన్నది ఈ సమావేశం తేల్చవలసిన మొదటి అంశం. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అని కార్యవర్గ ప్రతిపాదన. సాయంత్రం తాళాలు మళ్లీ పెట్టాలని చాలామంది కోరారు కాబట్టి ఆరుద్రగారికి ఉదయం కేటాయించాం. ఆరుద్ర అభిమానులు దీన్ని అంగీకరించడం లేదని రాతపూర్వకంగా తెలియజేశారు. ఆ లేఖ అధ్యక్షులవారి దగ్గర ఉంది, సమావేశంలో చదువుతారు. రెండో అంశం, ఈ ఏడాది సేకరించిన విశేషాలను చిన్న పుస్తకంగా అచ్చువేయడం. మూడో అంశం చందా బకాయిలు. బకాయి ఉన్నవారి జాబితాను ఈసారి గోడకు అంటించకుండా, ఎవరిది వారికి కవరులో పెట్టి కుర్చీ మీద ఉంచాం. కవరు దొరికినవారు కోశాధికారిని కలవగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి, విజయనగరం